రూతమ్మ టీచరుగారికి ఇచ్చిన క్యాలెండరు

మా చిన్నప్పుడు... డిసెంబరు మూడో వారం వచ్చిందంటే చాలు, జగ్గయ్యపేటలో మా బడిలో ఆడపిల్లల గుసగుసలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగేవి... "టీచరుగారికి ఏమిస్తున్నావే?"

క్రిస్మస్ సెలవులు ఇచ్చే రోజున రూతమ్మ టీచరుగారి బల్ల మీద తలా ఒక కానుక పెట్టి రావడం మా బడి ఆనవాయితీ. ఖరీదైనవి ఎవరూ తెచ్చేవారు కాదు. ఒకరు అర డజను గాజులు, ఒకరు సబ్బుబిళ్ళ, ఒకరు పెరట్లో పూసిన చేమంతులు... నా పక్కన కూర్చునే సుబ్బులు వాళ్ళది పెనుగంచిప్రోలులో వ్యవసాయం. అది ఏటా చిన్న గుడ్డసంచిలో కొత్త బియ్యం తెచ్చేది.

అయిదో తరగతి చదివే ఆ ఏడు నేను వట్టి చేతులతో వెళ్ళడానికి వీల్లేదు. టైఫాయిడ్ వచ్చి రెండు నెలలు మంచం పట్టాను. చదువు ఒక ఏడాది వెనకబడినట్టేనని ఇంట్లో అందరూ నిశ్చయించుకున్న సమయంలో, టీచరుగారే రోజూ బడి వదలగానే మా ఇంటికి వచ్చి, నా మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని లెక్కలు చెప్పి వెళ్ళారు. అమ్మ ఇచ్చే కాఫీ తప్ప మరేమీ పుచ్చుకోలేదు.

మా నాన్నగారు ఇళ్ళలో పురాణం చెప్పేవారు. సంభావనలతో గడిచే సంసారం. ఏమివ్వాలని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "మనింట్లో కొత్తదేదైనా ఉంటే అదివ్వు తల్లీ. వాడిన వస్తువు మాత్రం గురువుకి ఇవ్వకు" అన్నారు.

ఇల్లంతా వెతికాను. కొత్తదంటూ ఉన్నది ఒక్కటే... ఆ వారమే బట్టల కొట్టాయన నాన్నగారికిచ్చిన వచ్చే ఏటి క్యాలెండరు. చుట్ట చుట్టి సజ్జ మీద పెట్టి ఉంది. కింద పన్నెండు నెలల కాగితాలు, పైన అట్ట మీద పద్మంలో కొలువైన లక్ష్మీదేవి. అంతకన్న మంగళప్రదమైన వస్తువు లోకంలో ఉంటుందని నాకు తోచలేదు.

సెలవులకు ముందురోజు దాన్ని గర్వంగా సుబ్బులుకి చూపించాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వాళ్ళ పండక్కి మన లక్ష్మీదేవిని పట్టుకెళ్తావుటే? ఎగతాళి చేస్తున్నావనుకోరూ?"

నా చదువును నిలబెట్టిన మనిషిని నేను అవమానించడమా? పోనీ వేరే వస్తువు ఇద్దామంటే ఇంట్లో లేదు. బొమ్మను కత్తిరించేద్దామంటే చేతులు రాలేదు...

ఆ సాయంత్రం వంటింటి వసారాలో కూర్చుని ఒక తెల్లకాగితం తీసుకున్నాను. బట్టలకు పెట్టే నీలిమందుతో ఆకాశం, పసుపుతో నక్షత్రం వేశాను. అన్నం మెతుకులు మెదిపి జిగురు చేశాను. ఆ కాగితాన్ని బొమ్మ మీద అంటించేముందు అమ్మవారికి దణ్ణం పెట్టి, "ఒక్క ఏడాది కళ్ళు మూసుకో తల్లీ" అని వేడుకున్నాను.

మర్నాడు టీచరుగారు క్యాలెండరు విప్పారు. మెతుకులు ఎండిపోయి కాగితం ఒక మూల లేచింది. ఆ సందులోంచి గులాబిరంగు పద్మరేకు ఒకటి తొంగి చూసింది. ఆవిడ గోటితో ఆ మూలను మెల్లగా ఎత్తి చూశారు.

"లోపల ఎవర్నో దాచావే?"

నాకు కళ్ళ వెంట నీళ్ళు. సుబ్బులే లేచి, "లక్ష్మీదేవండీ. మీకు కోపమొస్తుందని మూసేసిందండీ" అంది.

టీచరుగారు నా వంక చూశారు, బొమ్మ వంక చూశారు.

"అయ్యో పాపం! ఆవిడకి ఊపిరాడద్దుటే?"

పిల్లలందరూ గొల్లున నవ్వారు. ఏడుస్తూనే నేనూ నవ్వాను. ఆవిడ ఆ మూలను వేలితో నొక్కి, క్యాలెండరు చుట్టి సంచిలో పెట్టుకున్నారు. అంతే... దాన్ని ఏం చేస్తారో మాత్రం చెప్పలేదు. పారేస్తే అమ్మవారి పట్ల అపరాధం నాది. ఉంచుకుంటే ఇబ్బంది ఆవిడది. ఆ సందిగ్ధం నన్ను ఏడాదంతా వెంటాడింది. ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ అడిగే ధైర్యం చాలలేదు, పై తరగతికి వేరే బడికి మారాక అవకాశమూ లేకపోయింది.

మళ్ళీ డిసెంబరు నెలాఖరు వచ్చింది. ఒక సాయంత్రం రూతమ్మ టీచరుగారే మా ఇంటికి వచ్చారు. చేతిలో కాగితపు చుట్ట. అమ్మ ముక్కాలిపీట వేసింది. ఆవిడ చుట్ట విప్పి చూపించారు... నా నక్షత్రం విడిగా, లక్ష్మీదేవి విడిగా. బొమ్మ మీద ఒక్క గీత పడలేదు.

"నెలలన్నీ వాడుకున్నానండీ. నిన్న తడిగుడ్డ అద్ది రెంటినీ విడదీశా. నక్షత్రం నేనుంచుకుంటా. అమ్మవార్ని మాత్రం పారేయడానికి నాకు చేతులు రాలేదు... మీకే తెచ్చిచ్చా."

"ఏడాదంతా మీ గోడకే ఉంచారా?" అంది అమ్మ ఆశ్చర్యంగా.

"ఉంచకేం? ఇద్దరూ ఒక్క మేకుకే వేళ్ళాడారు. ఏ గొడవా పళ్ళేదు!"

లోపలి నుంచి వచ్చిన నాన్నగారు ఆ బొమ్మను కళ్ళకద్దుకున్నారు. "ఇవాళ పురాణం మీరు చెప్పారమ్మా, నేను విన్నాను" అన్నారు.

మొన్న నందిగామలో మా మనవరాలితో వాళ్ళ టీచరుకి క్రిస్మస్ కానుక కొనడానికి వెళ్ళాను. "అమ్మమ్మా, మన బడ్జెట్‌లో ఇదొక్కటే బావుంది" అని ఒక పెన్ను తీసింది. కొట్లో అమ్మాయి దాన్ని క్షణంలో మెరుపుకాగితంలో చుట్టి, నాలుగు వైపులా టేపు వేసి ఇచ్చింది. చూడముచ్చటగా ఉంది... కాదనను.

ఇంటికి వచ్చి మా దేవుడి గూట్లోని లక్ష్మీదేవిని చూశాను. అంచున ఆనాటి మెతుకు మరక ఇప్పటికీ ఉంది.

ఇప్పటి కానుకలకు ఒక్క మూలా లేవదు... గోటితో ఎత్తి, పసిమనసు లోపల దాచినదేమిటో చూసే వీలు టీచర్లకెక్కడిది?

మీ చిన్నప్పుడు మీ టీచరుగారి బల్ల మీద మీరేం పెట్టి వచ్చారు? చెప్పండి... చదవాలని ఉంది.