బావ తిప్పిన డిష్, నేనిచ్చిన పిన్నీసు

పోయిన నెల మా బావ చచ్చిపోయిండు. మా ఆయనకు అన్న. సిరిసిల్లల సాంచాల మీద బట్ట నేస్తనే గుండె పట్టుకొని కూలబడ్డడని ఫోన్ అచ్చింది. ఆ ఫోన్ సుత ఆయన పెట్టిన డిష్ మీదనే మోగింది.

మాది వీర్నపల్లి దిక్కు చిన్న ఊరు. టవర్ అందదు. పంచాయతీకి ఉపగ్రహం నుంచి నడిచే ఇంటర్నెట్ ఇచ్చిండ్రు. ఆఫీసు కురుస్తదని డిష్ మా స్లాబు మీద, దాని డబ్బా మా ముందరింట్ల పెట్టిండ్రు. బిగించింది బావే. ఒక దుకాణం తరఫున కోరుట్ల, జగిత్యాల దాక తిరిగి గవే బిగించేటోడు.

మా ఇంట్ల బావ ముందట మరదలు నోరు తెరువది. నాకైతే ముందే సిగ్గు. ఆయన పైన డిష్ తిప్పుతుంటే కింద సిగ్నల్ నెంబర్ చూసి చెప్పే మనిషి కావాలె. "నోటితోని వద్దులే అమ్మా, పళ్లెం కొట్టు. నెంబర్ పెరిగితే జల్ది జల్ది కొట్టు, తగ్గితే ఆపు" అన్నడు. గంటెతోని కొట్టిన. ఆయన వెంట్రుకంత వెంట్రుకంత తిప్పిండు. "ఏందే, మీ ఇంట్ల పెండ్లా?" అని బాటన పోయేటోళ్లు నవ్విండ్రు.

ఐదో తరగతి దాక చదివిన నాకు తలుపవతల కూసోని అన్నీ నేర్పిండు. పాస్‌వర్డ్ ఎట్ల మార్చాలె, బయటోళ్లు దూరే దారి ఎట్ల మూయాలె. "కంపెనీ పాస్‌వర్డ్ అందరికి ఎరుకే. అదే ఉంచితే తాళమేసి చెవి గడప మీద పెట్టినట్టు" అనేటోడు. కొత్తది కాయితం మీద రాసి తలుపు కింది నుంచి నూకిండు. "నీ కాడనే ఉండాలె."

నా కాడనే ఉన్నది. అదొక్కటే సక్కగ చేసిన.

బావ కోరుట్లకు పోయిన రోజు పంచాయతీల రాతపని చేసే కారోబార్ అచ్చిండు. పాస్‌వర్డ్ అడిగితే తల అడ్డంగ ఊపిన. డబ్బా ఎనుక సన్న బొక్క చూసి "ఒక పిన్నీసియ్యి" అన్నడు. పుస్తెలతాడుకున్నది తీసిచ్చిన. గుచ్చిండు. లైట్లన్నీ ఆరి మళ్ల ఎలిగినయి. బావ పెట్టిందంత పోయి కంపెనీ పాస్‌వర్డే అచ్చిందని నాకు తర్వాత తెలిసింది.

ఎవరో బయటోళ్లు దూరి నెట్టంత వాడేసిండ్రు. వారం రోజులు పింఛన్ల కోసం ముసలోళ్ల వేలిముద్రలు పడలే. "పాస్‌వర్డ్ మార్చకుంటనే పోయిండు గీయన" అన్నడు కారోబార్ అందరి ముందట. "మార్చిన" అన్నడు బావ. ఎవ్వరు నమ్మలే.

బావ ఇంటికచ్చి తలుపవతల నిలబడ్డడు. "అమ్మా, డబ్బా ఎవరన్న ముట్టిండ్రా? నోటితోని వద్దు. ముడితే ఒక్కసారి పళ్లెం కొట్టు."

పళ్లెం నా చేతులనే ఉంది. పొద్దున కారోబార్ బెదిరించిన మాట చెవులల్ల ఉంది: "చెప్తే నీ పేరే అస్తది. పిన్నీసు నీదే."

కొట్టలే. పళ్లెం చప్పుడు కోసం చూసి చూసి బావ ఎల్లిపోయిండు.

దుకాణపోళ్లు ఆయనను పిలుసుడు బంద్ చేసిండ్రు. ఎన్నడో ఇడిసిన సాంచాల పనికే మళ్ల పోయిండు. దినాల నాడు కారోబార్ అచ్చి "మంచోడుండె పాపం" అనుకుంట కూర రెండోసారి ఏయించుకున్నడు. వడ్డించింది నేనే.

మా బావ పాస్‌వర్డ్ మార్చిండు. పిన్నీసు నాది, గుచ్చిన చెయ్యి కారోబార్‌ది. గిప్పుడు రాస్తున్న, ఆయన చదువలేనప్పుడు.

నిన్న గాలికి డిష్ కదిలింది. సిరిసిల్ల నుంచి కొత్తాయన అచ్చి స్లాబెక్కిండు. కింద నెంబర్ పెరుగుతుంటే అలవాటుకొద్ది పళ్లెం కొట్టిన.

"అదేం చప్పుడమ్మా? ఆపు జెర" అన్నడు పైనుంచి.

ఆపిన. పళ్లెం మాత్రం చేతుల ఇంకొంచెంసేపు సన్నగ మోగుతనే ఉండె.