‘రు’తో ముగిసే నలభై రెండు పాటలు

నోమా ఇసాకు గొంతు విషయంలో ఇమాబరి రేవు దగ్గర, యంత్రం వాయిస్తుంటే తెర చూసి పాడుకునే కరవోకె గదిలో రెండో అభిప్రాయం లేదు. ఇసాకుకే లేదు. గాడిద పాడితే మెచ్చుకోవడానికి ఒంటె అయినా దొరుకుతుందట. తను పాడితే ఆ ఒంటె కూడా చెప్పులు వెతుక్కుంటుందని అతనే చెప్పి, అందరికంటే ముందు అతనే నవ్వేవాడు.

ముప్పై ఒక్క ఏళ్లు యాత్రల బస్సు నడిపి రిటైరైన మనిషి. అందులో ఇరవై రెండేళ్లు అదే బస్సులో మైకు పట్టుకుని, ఊళ్ల కథలు చెప్పి, నడుమ నడుమ పాటలు పాడిన గైడు సుజుయో. కలిసి పనిచేసిన ఆరో ఏట ఆమె అతని భార్య అయింది. వెనక జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా, మలుపు అందంగా తిప్పినందుకు తనకే కొడుతున్నారని ఇసాకు చాలాకాలం నమ్మాడు. పెళ్లయ్యాక ఆమె చెప్పేదాకా నమ్మకం సడలలేదు.

ఐదేళ్ల కిందట సుజుయో మెడలో గడ్డ తీశారు. గడ్డతోపాటే గొంతూ పోయింది. ఇప్పుడు మాట్లాడితే ఎవరో కాగితం మడత పెడుతున్నంత చప్పుడు వస్తుంది, అంతే. ఏడాదిపాటు ఆమె కరవోకె గది వైపు రాలేదు. చివరికి స్నేహితురాలు షిరాకతా ఫుసాయె, ఎదుటి దీవిలో నారింజ తోటలున్న ఆవిడ, ఒక గంప పళ్లతో ఇంటికి దిగబడింది.

"పాడకపోతే మానెయ్యవే. పాటల పేర్లు గుర్తున్నాయా, అవీ కోయించుకున్నావా?"

ఆ పేర్లతో ఒక ఆట పెట్టింది ఫుసాయెనే. మన అంత్యాక్షరి లాంటిదే, కాకపోతే చరణాలతో కాదు, పేర్లతో. ఒక జట్టు పాట పేరు ఏ అక్షరంతో ముగుస్తుందో, రెండో జట్టు ఆ అక్షరంతో మొదలయ్యే పాట పేరు నిమిషంలో చెప్పి, దాన్ని పూర్తిగా పాడాలి. పేరు ‘న్’తో ముగిసిందా, చెప్పినవాళ్లు ఓడినట్టే. వాళ్ల భాషలో ‘న్’తో మొదలయ్యే మాటే లేదు మరి. బుధవారం మధ్యాహ్నాలు ఒకవైపు ఫుసాయె, పళ్ల డాక్టరు హిబినో. మరోవైపు సుజుయో, ఇసాకు. పేరు చెప్పేది సుజుయో, పాడేది ఇసాకు.

"బుర్ర మా ఆవిడది, బూర నాది. ఆ బూరక్కూడా చిల్లు ఉంది," అనేవాడు ఇసాకు.

ఈ మాట నవ్వుతూనే అన్నా, మూడేళ్లయ్యేసరికి లోపల గుచ్చుకోవడం మొదలైంది. ఒక్కసారైనా తన తెలివితో గెలవాలి. అప్పుడతనికి గొప్ప ఆలోచన వచ్చింది. (ఇసాకుకు వచ్చే ఆలోచనలన్నీ వచ్చినప్పుడు గొప్పవే.) ‘రు’తో ముగిసే పాటలు బోలెడు. ‘రు’తో మొదలయ్యేవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అలాంటప్పుడు ‘రు’ ఇచ్చి ఊపిరాడకుండా చేస్తే? మూడు వారాలు భార్యకు తెలియకుండా గ్రంథాలయంలో కూర్చుని, ‘రు’తో ముగిసే నలభై రెండు పేర్లు చిన్న పుస్తకంలోకి ఎక్కించాడు. ఇంట్లో అడిగితే నడుంనొప్పికి వ్యాయామం అన్నాడు.

ఆ బుధవారం హిబినో పాడిన పాట పేరు ‘మో’తో ముగిసింది. సుజుయో నోరు తెరిచేలోపు ఇసాకు లేచి నిలబడ్డాడు.

"మోమొఇరో నొ సారు!"

సుజుయో అతని చొక్కా పట్టి లాగింది. "ఏవండీ, ఆ పాట మీకు వచ్చా?"

"రాకపోతేనేం, తెరమీద అక్షరాలు పడతాయిగా."

మన చెవికి ‘సారు’ అంటే మర్యాదగానే వినిపిస్తుంది. అక్కడ దానర్థం కోతి. గులాబీరంగు కోతి. అది చిన్నపిల్లల డాన్సు పాట అన్న సంగతి, తెరమీద తోకలు తిప్పుతూ పదిమంది పిల్లలు దూకాక గాని ఇసాకుకు తెలియలేదు. పాటలో మాటలు తక్కువ. ఎక్కువభాగం "కీ కీ, కీ కీ కీ". అరవై నాలుగేళ్ల మనిషి, ఒకప్పుడు కొండదారుల్లో నలభై ఐదు ప్రాణాలు మోసిన మనిషి, మైకులో మూడున్నర నిమిషాలు కిచకిచలాడాడు. చల్లటి టీ తెచ్చిన అమ్మాయి తలుపు తీసి, చూసి, గది తప్పి వచ్చానేమోనని మళ్లీ మూసేసింది.

"బాగుందయ్యా, గొంతుకు సరిపోయిన పాట దొరికింది నీకు," అంది ఫుసాయె కళ్లు తుడుచుకుంటూ.

"నవ్వండి, నవ్వండి. ‘రు’ వదినగారూ, ‘రు’! చెప్పండి చూద్దాం."

ఫుసాయె నారింజ తొన ఒకటి నోట్లో వేసుకుని నమిలి మింగింది. "రుసు నొ హారు."

‘రు’తో మొదలై, ‘రు’తోనే ముగిసింది. పైగా తీరిగ్గా, చేపల వేలంపాటలా గొంతెత్తి పాడేసి కూర్చుంది.

ఇసాకు పుస్తకం తీశాడు. మొదటి పేజీ, రెండో పేజీ, ఆఖరి పేజీ. నలభై రెండూ ‘రు’తో ముగిసేవే. మొదలయ్యేది ఒక్కటంటే ఒక్కటి రాసుకోలేదు. గొయ్యి లోతుగా తవ్వినవాడు నిచ్చెన సంగతి మరిచిపోయాడు.

"ఇదేనా నడుంనొప్పి వ్యాయామం?" సుజుయో పుస్తకం వంక చూసి గుసగుసగా అడిగింది.

"నలభై సెకన్లు," అన్నాడు హిబినో గడియారం చూస్తూ.

సుజుయో కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. తర్వాత భర్త చెవి దగ్గరకు వంగింది. "రురి నొ షూతెన్."

నీలిరంగు ఆఖరి స్టాపు. ఎవరికీ గుర్తులేని పాత పాట.

"అది ‘న్’తో అయిపోతుంది కదే!"

"తెలుసు."

"ఓడిపోతాం."

"ఓడిపోదాం. నాకది వినాలనుంది."

యాత్ర ముగిసి బస్సు కొండ దిగుతుండగా, సముద్రం కనబడే మలుపుల దగ్గర ఆమె పాడే పాట అది. ఇసాకు నాలుగు వందలసార్లు విని ఉంటాడు, ఒక్కసారీ ఆమె ముఖం చూడకుండా. చూస్తే బస్సు లోయలో ఉండేది. ఇప్పుడు మైకు పట్టుకున్నాడు. తెర చూడక్కర్లేకపోయింది. ప్రతి మాటా వచ్చింది, రాగం తప్ప. రెండో చరణంలో ఒకచోట ఆగాడు, ఇంకోచోట సాగదీశాడు. అక్కడ ఇరుకు మలుపుండేది. బస్సు ఊగుతుందని సుజుయో అక్కడ ఆగి, తిరిగాక అందుకునేది. యంత్రానికి ఆ మలుపులేం తెలుస్తాయి? అది తన దారిన ముందుకు పోయింది.

అప్పుడు స్పీకరులో కాగితం మడతపెట్టిన చప్పుడు వినిపించింది. సుజుయో రెండో మైకు తీసుకుంది. ఐదేళ్లలో మొదటిసారి. మైకు పెదవులకు ఆనించి, ఆ ఉన్న కాస్త ఊపిరితోనే పాడుతోంది. ఇసాకు గొంతు తగ్గించాడు. ఇంకాస్త తగ్గించాడు. జీవితంలో ఒక పాటకు తను చేసిన మేలేదైనా ఉంటే ఇదేననుకున్నాడు.

యంత్రం నూటికి నలభై తొమ్మిది మార్కులు వేసింది. ఆ గదిలో అంత తక్కువ ఎవరికీ పడలేదు.

"ఓడారు," అంది ఫుసాయె, ముక్కు గట్టిగా చీదుతూ.

హిబినో ఇసాకు వైపు తిరిగాడు. "ఇసాకు గారూ, ఇందాక నోరు తెరిచినప్పుడు చూశాను. పైన ఎడమవైపు దవడ పన్ను. సోమవారం వచ్చెయ్యండి."

పన్ను తీయించుకున్నాక ఇసాకు పట్టుదలగా ఊరి సమావేశ మందిరంలో పాట నేర్పే పంతులమ్మ దగ్గర చేరాడు. మూడో పాఠానికి ఆవిడ ఎంతో మర్యాదగా, "మీ చేతులు చాలా బాగున్నాయండీ," అని కంజీరలాంటి గజ్జెల పళ్లెం ఒకటి చేతిలో పెట్టింది. అది అతనికి నిజంగానే బాగా వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు వానలో వైపర్లు చూసిన కళ్లు కదా, తాళం తప్పదు. ఇప్పుడు బుధవారాలు సుజుయో మైకు దగ్గర గుసగుసగా పాడుతుంది, అతను పక్కన గజ్జెలు కొడతాడు. మరీ గట్టిగా కొడితే ఆమె పాట వినపడదు గనక, కొట్టీ కొట్టనట్టు కొడతాడు. అలా కొట్టడం కూడా ఒక విద్యేనని, అందులో ఇమాబరి మొత్తంలో తనను మించినవాడు లేడని ఫుసాయెతో కోతలు కోస్తుంటాడు.