మా బాపును తలుపు మీద మోసిన రోజు

పాసయ్యాను! డిగ్రీ పాసయ్యాను! పొద్దున మా అమ్మాయి ఫోన్‌లో రిజల్టు చూపిస్తే నమ్మలేక, నా హాల్‌టికెట్టు నంబరు మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నాను. మా ఇంటి నుంచి ఇంతవరకు ఎవరూ కాలేజీ గడప తొక్కలేదు. యాభై దాటినదాన్ని, ఇన్నేళ్ళు ఇటుకలూ ఇసుకా మోసినదాన్ని, నేను తొక్కాను. ఇంకో మాట కూడా ఉంది. ఇళ్ళు కట్టే పనివాళ్ళకు దెబ్బలు తగలకుండా ఎలా ఉండాలో, తగిలితే ఏం చేయాలో నేర్పే శిక్షణ కేంద్రంలో నన్ను పాఠాలు చెప్పడానికి తీసుకుంటామన్నారు. డిగ్రీ ఒక్కటే తక్కువైంది. ఇవాళ అదీ వచ్చేసింది.

మొదటి పాఠం ఏం చెప్పాలా అని నేను వెతుక్కోవాల్సిన పని లేదు. అది నాకు నా చిన్నప్పుడే దొరికింది.

మేం అప్పుడు హన్మకొండలో ఉండేవాళ్ళం. మా నాన్నను మేం బాపు అంటాం. ఆయన సుతారి మేస్త్రి, గోడలు కట్టేవాడు. ఆయన అక్క, అంటే మా మేనత్త, తట్టలో కలిపిన సిమెంటు తలమీద మోసుకొచ్చి ఆయనకు అందించేది. బడి లేని రోజుల్లో మధ్యాహ్నం సద్ది పట్టుకుని వాళ్ళ దగ్గరికి నేనే పోయేదాన్ని.

ఆ ఏడాది వాళ్ళు పనిచేస్తున్నది బజారులో బట్టల దుకాణం ఉన్న ఒక షావుకారు ఇంటికి. గోడలు సగం పైగా లేచాయి. సింహద్వారానికి చేయించిన టేకు తలుపు అప్పటికే వచ్చింది. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, నీడలో గోడకు ఆనించి ఉంచారు. మంచిరోజు చూసి పూజ చేసి బిగించాలి. షావుకారు తల్లి రోజూ ఆ తలుపు పక్కనే పీట వేసుకుని, పనివాళ్ళతో కబుర్లు చెబుతూ కూర్చునేది.

గోడ పెరిగేకొద్దీ మేస్త్రి నిలబడే చెక్కను పరంజా మీద పైకి జరుపుకుంటూ పోతారు. జరిపిన ప్రతిసారీ రెండు కొసలూ కర్రలకు తాడుతో కట్టాలి. కానీ కాసేపట్లో మళ్ళీ జరిపేదే కదా అని ఒక కొస కట్టి రెండోది వదిలేయడం మావాళ్ళకు అలవాటు. కొత్తగా పనిలోకి వచ్చినవాడు భయంతో కడతాడు. వదిలేసేది పని బాగా వచ్చినవాళ్ళే. ఆ రోజు బాపు, తాను కట్టకుండా వదిలేసిన కొస మీదే కాలు పెట్టాడు.

నేను సద్ది గిన్నె పట్టుకుని ఇసుక కుప్ప దాటుతున్నాను. చెక్క ఎగిరిన చప్పుడు వినబడింది, వెంటనే బరువుగా ఇంకో చప్పుడు. చూస్తే బాపు కింద వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఎవరైనా పడితే మావాళ్ళు చేసేది ఒకటే. అందరూ ఉరుకుతారు. కొందరు చంకల్లో చేతులు వేస్తారు, కొందరు కాళ్ళు పడతారు. లేపి కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, “నడువు, నడిస్తె సర్దుకుంటది” అని నడిపిస్తారు. పడ్డవాడు కూడా సిగ్గుకు “ఏం గాలే, ఏం గాలే” అంటూ లేవబోతాడు. ఇందులో చెడ్డతనం ఏమీ లేదు, అంతా ప్రేమే. ఆ రోజు కూడా అలాగే ఉరికారు. అందరికంటే ముందు ఉరికింది నేను.

అప్పుడు వినబడింది మా మేనత్త కేక.

“ముట్టకున్రి! కరెంటున్నది! ఆయిన ఒంట్ల కరెంటున్నది!”

ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. పనివాళ్ళకు కరెంటంటే పాము కంటే భయం. నా చేయి బాపు చొక్కాకు జానెడు దూరంలో గాలిలోనే నిలిచిపోయింది. గిన్నె ఎప్పుడు జారిపోయిందో తెలియదు. బాపు ఇక బతకడనే అనుకున్నాను. విచిత్రం ఏమిటంటే, మోచేతుల మీద లేవబోతున్న బాపు కూడా ఆ మాట విని కట్టెలా ఉండిపోయాడు.

“అక్కా, నాకు కరెంటు గొట్టిందా?” అన్నాడు సన్నగా.

“గొట్టింది. కదిల్తే మల్ల గొడ్తది. మెడ గూడ తిప్పకు తమ్మీ.”

ఆమె మాత్రం వెళ్ళి ఆయన తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. తలను రెండు అరచేతుల మధ్య కదలకుండా పట్టుకుంది.

“మరి నువ్వెట్ల ముట్టుకున్నవ్ వదినా?” అన్నాడు ఒక కూలీ.

“నా కాళ్ళకు రబ్బరు చెప్పులున్నయ్. నోర్మూసుకొని నిలవడు.”

కాలి వేళ్ళు ఆడించమని బాపుకు చెప్పింది. అవి కొద్దిగా ఆడాయి. అది చూసి ఆమె ఒక పెద్ద ఊపిరి వదిలింది. తర్వాత తలెత్తి చుట్టూ చూసింది. పరంజా చెక్కలు సన్నవి, మనిషి పట్టడు. “వంగని చెక్క గావాలె. ఆ తలుపు తేండ్రి” అంది.

ఒక్కరూ కదల్లేదు. అది ఇంకా పూజ కాని సింహద్వారం తలుపు. దాని మీద పడుకోబెట్టిన మనిషికి ఏమైనా అయితే? పని చూడ్డానికి వచ్చి అక్కడే ఉన్న షావుకారు ముఖం పాలిపోయింది. “అమ్మా, దానికి ఇంక పూజ గాలే...” అంటూ తల్లి వైపు తిరిగాడు.

ఆ పెద్దావిడ అప్పటికే పీట మీంచి లేచింది. “పూజ రేపు చేస్కుందాం. ఈయిన్ని గూడ రేపే తీస్కపోదామారా? పట్టు, ఆ కొస నువ్వే పట్టు!”

షావుకారే ఒక కొస పట్టుకుని తలుపు తెచ్చాడు. “ఇగ కరెంటు వోయింది, రాండ్రి. నేను అన్నప్పుడే, అందరొక్కసారే” అంది మేనత్త. తల, నడుము, కాళ్ళు ఒకే వరుసలో ఉండేలా బాపును మెల్లగా పక్కకు ఒరిగించి, తలుపును కిందికి జరిపి, దాని మీదికి తెచ్చారు. తలకు అటూ ఇటూ చుట్టిన తువ్వాళ్ళు పెట్టి, కదలకుండా కట్టారు. ఇసుక తెచ్చిన ట్రాక్టర్‌లోకి ఎక్కించారు. “గుంతల్ల ఎగిరేసినవనుకో, దిగినంక నీ పని జెప్త” అని డ్రైవరును ఆమె ముందే బెదిరించింది. దవాఖాన దాకా ఆ ట్రాక్టరు పెళ్ళి ఊరేగింపులా నడిచింది.

వెన్నులో ఎముక చిట్లిందనీ, లోపలి నరాలు మాత్రం బాగానే ఉన్నాయనీ డాక్టరు చెప్పారు. కదపకుండా తేవడం చాలా మేలు చేసిందన్నారు.

సాయంత్రం దవాఖాన వరండాలో మేనత్త పక్కన కూర్చుని అడిగాను. “అత్తమ్మా, బాపు ఒంట్ల కరెంటు ఎట్ల వోయింది?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “కరెంటేడిదే పిచ్చిపిల్లా! ఆ ఇంటికి ఇంక తీగనే గుంజలే!”

అంతమంది పెద్దవాళ్ళలో ఒక్కరికీ ఆ సంగతి గుర్తు రాలేదు.

నవ్వు ఆగాక ఆమె తన భర్త, మా మామయ్య సంగతి చెప్పింది. పెళ్ళైన కొత్తలో నెక్కొండలో ఆయన గోడ మీంచి పడ్డాడట. అందరూ కలిసి చంకల్లో, కాళ్ళ దగ్గర పట్టుకుని ఎడ్లబండిలోకి ఎత్తారట. పడ్డప్పుడు ఆడిన కాళ్ళు, బండి ఎక్కాక మళ్ళీ ఆడలేదట. “ఆగున్రి అంటె ఎవ్వలాగుతరు బిడ్డా? పానమంత మీ బాపు మీదనే ఉండె నీకు. నువ్వాగుతవా? భయపడ్తెనే ఆగుతరు” అంది.

షావుకారు తల్లి తలుపును కడిగించి, మళ్ళీ పసుపు రాయించి, పూజ చేసి బిగించింది. బాపు చాలా నెలలు పడుకునే ఉన్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు, గోడ పట్టుకుని నడిచాడు, మళ్ళీ తాపీ పట్టాడు. అప్పటి నుంచి చెక్క రెండు కొసలూ తానే కట్టి, లాగి చూసుకున్నాకే ఎక్కేవాడు. “తాళ్ళ మేస్త్రొచ్చిండు, ఇగ ఈడనే పొద్దుగూకుతది” అని తోటివాళ్ళు నవ్వేవారు. కొన్నాళ్ళకు ఆ నవ్వినవాళ్ళు కూడా రెండో కొస కట్టడం మొదలుపెట్టారు.

ఇప్పుడు సైట్ల మీద హెల్మెట్లూ బెల్టులూ వచ్చాయి. ఫోన్ చేస్తే అంబులెన్సూ వస్తుంది. కానీ మనిషి పడగానే ఉరికే చేతులు మాత్రం అవే. మా మేనత్త అబద్ధం ఇప్పుడు చెప్పలేను, ఎందుకంటే ఇప్పుడు ప్రతి సైట్‌లో నిజంగానే కరెంటు ఉంటుంది. అందుకే ముందు ఆ తీగల సంగతి చూసుకుంటాను. తర్వాత ఉరికొచ్చినవాళ్ళకు తలా ఒక పని చెబుతాను. ఒకరు ఫోన్ చేయాలి, ఒకరు రోడ్డు మీద నిలబడి అంబులెన్సుకు దారి చూపాలి, ఒకరు ఎండ పడకుండా అడ్డం పట్టాలి. నేను పడ్డ మనిషి తల దగ్గర కూర్చుంటాను. నా చేతులు ఇప్పటికీ లేపడానికే ముందుకు పోతాయి. ఆ క్షణం వాటిని పట్టి ఆపడం ఆ రోజు నుంచి నాకు అలవాటైంది. నా పాఠం కూడా అక్కడే మొదలవుతుంది.

సరే, ఇంకా ఫోన్లు చేయాలి. మా మేనత్తకు చేయాలి, టీవీలో సీరియల్ అయిపోతే గానీ ఎత్తదు. డోర్నకల్‌లో చెల్లెకు. ఇంగ్లీషు పేపరుకు నన్ను కూర్చోబెట్టి చదివించిన టీచరమ్మకు. నాతో తట్టలు మోసి, ఇప్పుడు పాలంపేటలో నాట్లకు పోతున్న అక్కకు. శిక్షణ కేంద్రం సారుకు. బాపుకు చేయక్కర్లేదు. సంగతి విన్న వెంటనే చొక్కా తొడుక్కుని, ఆటో ఎక్కమంటే వినకుండా, మిఠాయి తేవడానికి బజారుకు నడిచి పోయాడు.