నల్లగా ఉన్న తల

మా కోయంబత్తూరు బస్సుల్లో కిటికీ అడ్డకమ్మీ సరిగ్గా నా కళ్లకెదురుగానే ఉండేది. పొడుగ్గా పుట్టినందుకు జరిమానా అనుకుని సర్దుకునేవాణ్ణి. ఆ రోజు అవినాశి బస్సులో బయటి లోకం దక్కక, నేను తీసిన ఫోటోలే తిరగేస్తున్నాను. షిఫ్టు వదిలే వేళ మిల్లు గేటు దగ్గర, ఎవరికీ తెలియకుండా తీసినవి. అవి గొప్పవని అప్పట్లో ఒక అభిప్రాయం ఉండేది. అది నాకొక్కడికే ఉండేది. ఆ రోజు తర్వాత ఆ కట్ట ఎవరికీ చూపించలేదు.

పక్క సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒకామె ఒక ఫోటో అడిగి తీసుకుంది. "మా ఇంటాయన!" అని నవ్వింది.

గేటులోంచి వస్తున్న తలలన్నీ దూదితో తెల్లగా ఉన్నాయి. గోడవార నిలబడ్డ ఆయన తల మాత్రం నల్లగా ఉంది. కుడి చెయ్యి జుట్టులో ఉంది.

"దూది దులుపుకుంటున్నారు," అన్నాను.

ఆమె ఫోటోను వెలుతురుకు తిప్పింది. నవ్వు ఆగిపోయింది.

"లేదు తంబీ. ఎడం చేతిలో దూది ముద్ద ఉంది చూడు. ఆ పంజే తలకు పెట్టుకుంటా ఉండారు."

మళ్లీ తనే అంది. "దినమూ మిల్లుకని క్యారియర్ కట్టి పంపుతా ఉండా. సాయంత్రం ఆ పంజు ఏరేదీ నేనే గదా."

ఎప్పుడు తీశావని అడిగింది. మూడు వారాలైందన్నాను.

ఫోటో నా చేతిలో పెట్టేసింది.

"మూడు వారాలుగా దీన్ని చూస్తా ఉండావే తంబీ, ఏం చూసినావు?"