మానిటర్ వెనక పొగ

తెనాలిలో ఇంట్లోనే కూర్చుని, చీరాల మగ్గాలకి చీర అంచుల డిజైన్లు కంప్యూటర్‌లో గీస్తుంటాను. నిరుడు దసరాకి మా అత్తయ్యగారు ఆయుధపూజ అంటూ నా మానిటర్‌కి బొట్టు పెట్టి, నీళ్లు ధారాళంగానే చల్లారు. తెర నల్లబడిపోయింది. మర్నాటికల్లా డిజైన్ పంపాలి. పండగ కదా, రిపేరు షాపులన్నీ మూసేశారు. ధైర్యం చేసి ప్లగ్గు పీకి, వెనక మూత ఊడదీసి, తడి తుడిచి ఆరబెట్టాను.

సాయంత్రం బిగించి స్విచ్ వేస్తే బొమ్మ వచ్చింది! గంతేసేలోపే వెనక నుంచి గుప్పున పొగ లేచింది. "అత్తయ్యగారూ, బయటికి పరిగెత్తండి!" అని కేకపెట్టి మెయిన్ ఆపేశాను.

మానిటర్ వెనక కిటికీలోంచి అత్తయ్యగారు తొంగిచూశారు, చేతిలో సాంబ్రాణి గిన్నెతో. "బయటే ఉన్నానమ్మా. దిష్టి తగిలిందేమోనని ధూపం వేస్తుంటే అరుస్తావేంటి?"

మానిటర్ ఇప్పటికీ భేషుగ్గా పనిచేస్తోంది. నా రిపేరు వల్లేనని నేను, సాంబ్రాణి వల్లేనని ఆవిడ. మొన్న దసరాకీ ధూపం వేశారు. నీళ్ల చెంబు మాత్రం నేను ముందే దాచేశాను.