మేనత్త వాటా

మా అకనేసి అత్తకున్న జబ్బు ఒక్కటే. మూత పెట్టిన గిన్నె కనిపిస్తే తెరవకుండా ఉండలేదు. తెరిచిందంటే అందులో మేలైనదంతా ఆవిడ బుట్టలోకి పోవాల్సిందే. కాదనడానికి మేమెవరం? టోంగాలో పుట్టినవాళ్ళకు దేవుడి తర్వాత మేనత్తే. మా ఇంట్లోనైతే దేవుడికన్నా ముందే, ఎందుకంటే దేవుడు వంటింట్లోకి రాడు.

నాన్నకు ఆవిడ అక్క. అక్క లోపలికొస్తే తమ్ముడు లేచి బయటికి పోవాలి, అది మా మర్యాద. నలుగురు మనుషులు లాగలేని పడవను ఒక్కడే ఒడ్డుకు లాగే మా నాన్న కిటియోనె, అక్క బుట్ట వీధి మలుపులో కనబడగానే పళ్ళెం వదిలేసి వసారాలోకి జారుకునేవాడు. ఆ పళ్ళెంలో ముక్కలు కూడా ఆవిడ ఏరుకునేది. కన్నపిల్లలం మేం నాన్న పళ్ళెం ముట్టుకోకూడదు. ఆవిడకు ఏ అడ్డూ లేదు.

"సేనీ, ఇది కొత్త డబ్బానా?" అనేది నాతో, డబ్బా మాంసం అప్పటికే చేతిలోకి తీసుకుని.

"అవునత్తా. ఆదివారానికని దాచాం."

"దాచారా? మంచిపని చేశారు. లేకపోతే ఈపాటికి మీరే తినేసేవారు," అని బుట్టలో వేసుకునేది.

అమ్మ నవ్వు మొహం పెట్టుకుని వదినగారిని గేటు దాకా సాగనంపేది. వెనక్కి తిరిగాక ఆ నవ్వు ఉండేది కాదు. "కడుపా అది, కొట్టుగదా?" అనేది. అంత తిన్న మనిషి ఎంత లావుండాలి! అత్త మాత్రం ఎండు కట్టెలా ఉండేది. ఊళ్ళో కుక్కలు మాత్రం ఆవిడ వెనకాలే ఊరేగుతూ, రోజురోజుకీ నిగనిగలాడేవి.

మా ఇంటి తిండి ఘనత కూడా చెప్పాలి. ఎదురుగా సముద్రం, పెరట్లో చేమాకు, సీమపనస. నాన్న పట్టిన చేపలన్నీ అమ్మేసి, ఆ డబ్బుతో ఓడలో వచ్చే గొర్రె డొక్కలూ, డబ్బాలూ కొనుక్కునే తెలివి మాది. డొక్కలంటే మాంసం అనుకునేరు, కొవ్వుకు కాస్త మాంసం వాసన తగిలించి పంపేవాళ్ళు. దాని మీద సగం గ్లాసు చక్కెర వేసిన టీ. నాన్నకు షుగరు రాక ఏం వస్తుంది?

ఎడమ కాలి వేలి మీద పుండు లేచింది. ఎన్నాళ్ళైనా మానలేదు. కట్టు పట్టడానికి బూటు ముందు భాగం కోసేసుకుని, గుడిలో ఆ కాలు బల్ల కిందికి దాచుకుని ప్రార్థన చేసేవాడు. "తిండి మార్చకపోతే కాలు దక్కదు," అని నర్సమ్మ మొహం మీదే చెప్పింది.

అమ్మ ఊరుకుంటుందా? తెల్లారేసరికి విప్లవం తెచ్చింది. డొక్కల్లేవు, డబ్బాల్లేవు, చక్కెర లేదు. ఉడకబెట్టిన ఆకులు, పక్కన ఇంకొన్ని ఆకులు. నాన్న పళ్ళెం చూసి, "నేనేమన్నా మేకనా?" అన్నాడు. ఆ వారం ఊళ్ళో ఎవరు పోయినా పరామర్శకు మొదటి మనిషి మా నాన్నే. చావింట్లో భోజనాలు బాగుంటాయి కదా! ఎన్నడూ పలకరించని వాళ్ళ కోసం కూడా కళ్ళు తుడుచుకుని విస్తరి ముందు కూర్చున్నాడు. వారం తిరక్కుండానే అమ్మ విప్లవం చల్లారి, డొక్కలు మళ్ళీ పొయ్యెక్కాయి.

సరిగ్గా అప్పుడే అత్త దోపిడీ ముదిరింది. ఆదివారం చేమాకుల్లో మాంసం, కొబ్బరిపాలు పెట్టి పొట్లాలు చుట్టి మట్టిపొయ్యిలో పూడ్చి గుడికి పోతాం. మేం పొట్లాలు చుట్టే వేళకు అత్త వచ్చి కూర్చునేది. మొదట పొట్లానికో ముక్క తీసింది. కొన్నాళ్ళకు ఇంకోటి. ఖాళీ పూడ్చడానికి అమ్మ ఆకులు పెంచింది, ఆనక చేపముక్కలు పెట్టింది. చక్కెర డబ్బాలోంచి మొదట చెంచాడు, తర్వాత గరిటెడు. టీ తాగి నాన్న, "ఈమధ్య ఓడలో వచ్చే చక్కెరలో తీపి చచ్చిపోయింది," అని ఓడవాళ్ళను తిట్టేవాడు.

నాన్న పుట్టినరోజుకు పందిపిల్లను కాల్చాం. అత్త వచ్చింది, చూసింది, పళ్ళెంతో సహా ఎత్తుకుపోయింది. నాకు ఒళ్ళు మండింది. మేనత్త అయితే మాత్రం! ఇవాళ అటో ఇటో తేలిపోవాలని ఆవిడ ఇంటికి వెళ్ళాను.

వాకిట్లో రగ్బీ ఆడి వచ్చిన కుర్రాళ్ళు చుట్టూ కూర్చుని మా పందిపిల్లను పంచుకుంటున్నారు. ఎముకల దగ్గర కుక్కల జాతర. అత్త చాప మీద కూర్చుని, ఉడికిన అరటికాయ, చిన్న చేప తింటోంది.

"తగువుకొచ్చావా?" అంది.

"లేదత్తా."

"మరి చేతులు నడుం మీద ఎందుకున్నాయే?"

దించేశాను. "నువ్వు తినకుండా అంతా ఎందుకు పట్టుకొస్తున్నావు?"

"మీ మామయ్య పోయాక ఆ కొవ్వు నా గొంతు దిగదే." తలుపు వెనకాల మామయ్య ఊతకర్రలు అలాగే ఉన్నాయి. ఆయనకు షుగరుతో ముందు వేలు పోయింది, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. "మీ నాన్నా, మామయ్యా ఒకే పొడుగు. ఆ కర్రలు చూసినప్పుడల్లా నాకు భయం."

"ఆ మాట నాన్నకే చెప్పొచ్చుగా?"

"తమ్ముడి ఒంటి సంగతి అక్క ఎత్తుతుందిటే, సిగ్గులేకుండా? నాకు నోరెత్తే హక్కు లేదు, ఎత్తుకుపోయే హక్కుంది. ఉన్నదాన్నే వాడుకున్నా. మీ అమ్మలా ఒక్కరోజులో ఇల్లు ఊడిస్తే మగాడు చావిళ్ళ వెంట పడతాడు. ఆదివారానికో ముక్క పోతే వాడి నాలిక్కే తెలీదు. ఎవరికైనా చెప్పావో, నీ కొత్త చాప పట్టుకుపోతా."

తిట్టడానికి వెళ్ళినదాన్ని ఆవిడ పళ్ళెంలో అరటికాయ ముక్క తిని వచ్చాను. ఆ దొంగచేతుల మీద నాకు పట్టలేనంత ప్రేమ పుట్టింది.

పుండు నెమ్మదిగా పూడింది. నర్సమ్మ కట్టు తీసేసింది. ఆ ఆదివారం నాన్న రెండు కాళ్ళకూ కొత్త బూట్లు తొడుక్కుని, గుడిలో కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నాడు.

మరుసటి ఆదివారం పొట్లాలు చుట్టే వేళకు అత్త వచ్చి విప్పి చూసింది. చేమాకు, చేప. ఏరుకోవడానికి ఒక్క ముక్క లేదు. "ఏం కొంపే ఇది? దొంగకు కూడా ఏమీ దొరకదు!" అని విసుక్కుంది. చుట్టూ చూసి, గుమ్మం పక్కనున్న కోసిన బూటు తీసి బుట్టలో పడేసుకుంది.

"అత్తా, అది నీకెందుకు?"

"మీకెందుకు?"

వసారాలోంచి నాన్న సముద్రం వైపు తిరిగి అరిచాడు. "సేనీ! వంటింట్లో ఎవరన్నా ఉంటే చెప్పు, తీపి చచ్చింది ఓడ చక్కెరలో కాదని నాకు ఎప్పుడో తెలుసని!"

అత్త బుట్ట చంకనెత్తుకుంది. తర్వాత పొయ్యి వైపు తిరిగి అంది. "సేనీ! వసారాలో ఎవరన్నా ఉంటే చెప్పు, ఈ వారం నుంచి కొబ్బరిపాలు కూడా తగ్గుతాయని!"

కొబ్బరిపాల గిన్నె చేత్తో పట్టుకుని, కోసిన బూటుతో సహా బయల్దేరింది. అమ్మా నేనూ లేచి దారిచ్చాం. కుక్కలు మాత్రం బుట్ట వాసన చూసి మొహం తిప్పుకున్నాయి.