రేకుల చర్చిలో బాలింత

మా అపార్ట్‌మెంటు వెనక ఎవరో సెల్లారు కోసం బండ పేలుస్తున్నారు. పొద్దున కిటికీ తెరవగానే పేలుడు మందు వాసన, దాంతోపాటు పగిలిన రాతిపొడి ఘాటు గొంతులోకి దిగితే, నేను మళ్లీ నాలుగో తరగతి పిల్లనై, తొంభైల చివరి కొండాపూర్‌లో, ఒక డిసెంబరు చలిలో నిలబడిపోతాను.

అప్పుడు మాదాపూర్ వైపు కొత్త రోడ్లు పడుతుండేవి. చలికాలమంటే మాకు రేగుపండ్లు, బండల సందుల్లో దాగుడుమూతలు, అమ్మ గర్జెలు, అదే కజ్జికాయలు, చేస్తుంటే ఇల్లంతా కమ్ముకునే కొబ్బరి, యాలకుల వాసన, పండుగకు ముందు విరిగినవి మాత్రమే తినాలనే ఆమె కట్టుబాటు, వెదురుబద్దలు వంచి నాన్న కట్టే రంగుకాగితాల నక్షత్రం. మా చర్చి రేకుల కప్పు, సున్నం కొట్టిన మట్టిగోడల ఒంటిగది. పెద్దవాళ్లు దాన్ని గుడి అనేవారు. దాని వెనక, బండలు కొట్టడానికి పాలమూరు నుంచి వచ్చినవాళ్లు తాటాకులు, ప్లాస్టిక్ పట్టాలతో గుడిసెలు వేసుకున్నారు.

పండుగకు ముందు ఆదివారం ఆరాధన మధ్యలో, ఆ గుడిసెల్లో ఉండే నర్సమ్మ పసిగుడ్డును కొంగులో చుట్టుకుని గుమ్మం దగ్గరికొచ్చి ఆగింది. కాన్పై వారమైనా కాలేదు.

"రేపు పొద్దుగాల బుల్డోజరు వస్తదంట. యాడికి పోవాల్నో సమజైతలేదు" అన్నది.

పాట ఆగిపోయింది. గుడిసెలున్న జాగాను పటేలు అమ్మేశాడని అందరికీ తెలుసు. మా చర్చి ఉన్నది కూడా ఆ పటేలు జాగాలోనే. సంఘపెద్ద రత్నయ్య తాత లేచాడు. ఆ గోడలకు మట్టి తొక్కింది ఆయనే.

"అయ్యగారూ, మనకీ జాగ పటేలు నోటిమాట మీద ఇచ్చిండు. ఆయనకు అడ్డంబోతే మన గుడి గూడ ఉండదు" అన్నాడు.

పాస్టరుగారు బైబిలు మూసేశారు. మగవాళ్లెవరూ తలెత్తలేదు. అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి మా అమ్మ లేచి, గుమ్మం దాకా నడిచి, నర్సమ్మ చేతిలోంచి బిడ్డను అందుకుంది.

"మామా, బాలింతను బండల మీద ఇడిసి నేనీడ పాట పాడలేను. మీరేమన్న అనుకోండ్రి."

రత్నయ్య తాత చేతికర్ర తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మా వాళ్లంతా గుడిసెల ముందు నిలబడ్డారు. ఇంట్లో ఉండమన్నా వినకుండా వెళ్లి నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. కాళ్ల కింద నేల అదురుతుండగా పసుపురంగు బుల్డోజరు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. జర టైం ఇయ్యమని పాస్టరుగారు చేతులు జోడించారు. దాని వెంట వచ్చిన, జాగా కొన్నవాళ్ల మనిషి ఆయన వైపు చూడనైనా చూడకుండా "నడుపు" అని డ్రైవరుకు సైగ చేశాడు. ఇంజను గర్జించింది. మొదటి గుడిసెలో నర్సమ్మ పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. అమ్మ చెయ్యి నా భుజాన్ని ఎంత గట్టిగా నొక్కిందంటే, నాకు ఏడవడానికి కూడా భయమేసింది.

అప్పుడొచ్చాడు రత్నయ్య తాత. కర్ర పొడుచుకుంటూ మమ్మల్నందర్నీ దాటి, ఆ ఇనప పార ముందు మట్టిలో మఠం వేసుకుని కూర్చున్నాడు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. "నాతోని గాదు సార్" అని కిందికి దిగాడు.

దొరికింది సాయంత్రం దాకా గడువు మాత్రమే. గుడిసెలు నిలవలేదు. కానీ పొద్దు గూకేలోగా పొయ్యిరాళ్లు, కుండలు, కోళ్లు, పిల్లలు అన్నీ చర్చిలోకి చేరాయి. ఆ క్రిస్మస్‌కు మేం బయట ఎండలో ఆరాధన చేసుకున్నాం. లోపల బాలింత పడుకుని ఉంది. అమ్మ ఆ ఏడు గర్జెలన్నీ అక్కడే పంచింది, విరగనివి కూడా.

ఎండాకాలం రాకముందే వాళ్లు పని వెతుక్కుంటూ వెళ్లిపోయారు. ఆ వెనకే పటేలు మా జాగా తిరిగి తీసుకున్నాడు. రేకులు మేమే విప్పుకున్నాం. అందరూ ఏడుస్తుంటే రత్నయ్య తాత అన్నాడు, "పోనియ్యుండ్రి. ఆ బిడ్డ బతికింది గద."

ఇప్పుడక్కడ అద్దాల మేడ ఉంది. దాగుడుమూతల బండలు లేవు. రత్నయ్య తాత లేడు. నర్సమ్మ కూతురు ఎక్కడుందో నాకు తెలియదు. మేమిప్పుడు వెళ్లే చర్చి చాలా పెద్దది, ఏసీ ఉంది, మెత్తటి కుర్చీలున్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. ఆరాధన మొదలవగానే తలుపులు మూసేస్తారు.